ఎక్కడ అని అడిగితే

బోరు నీళ్లు చెడిపోయాయని రైతు అర్జీ పెడితే కార్యాలయంలో ముందుగా ఎదురయ్యే ప్రశ్న 'ఎక్కడ?' అన్నది. 'మా ఊళ్లో సార్' అంటే చాలదు. ఏ సర్వే నంబరు, ఎన్ని అడుగుల బోరు, ఎప్పటి నుంచి, పక్క చేనులో నీళ్లు ఎట్లున్నాయి, వంకకు ఎగువనా దిగువనా అని ఒకటి వెంట ఒకటి అడుగుతారు. ఇవన్నీ రైతుకు తెలియనివి కావు. ఏ బోరు ఏ ఏడాది వేసింది, ఎన్ని అడుగుల్లో రాయి తగిలింది, ఏ ఎండాకాలం నుంచి నీళ్లు ఉప్పెక్కాయి, నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ అది ఆయన నోట్లో ఉంది, కాగితం మీద లేదు. అవతలి పక్షం దగ్గర మాత్రం లీజు హద్దుల పటం ఉంది, భూగర్భ పొరల పటం ఉంది, రంగులద్దిన నివేదిక ఉంది. అందుకే వాళ్లది నివేదిక అవుతోంది, మనది ఆరోపణ అవుతోంది.

ఈ నెల సంపాదకీయం పటాల గురించి రాయాలనుకున్నాం. ధరలు, ఇన్సూరెన్సు, కాలువ నీళ్లు వదిలేసి ఇదేమిటని కొందరు అనవచ్చు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మన సభ్యులు పదేళ్లుగా మోస్తున్న కష్టంలో సగం ఈ పటం లేకపోవడం వల్ల వచ్చిందే అని మేము అనుకుంటున్నాం. ఈ మూడు పట్టణాల చుట్టూ యాభై, అరవై కిలోమీటర్ల లోపే యురేనియం గని ఉంది, బొగ్గు కరెంటు కేంద్రం ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, సున్నపురాయి గనులున్నాయి, నల్లబండల పాలిష్ యూనిట్లున్నాయి, పెన్నలో ఇసుక గుంతలున్నాయి. వీటి నుంచి వచ్చే కరెంటూ సిమెంటూ రాష్ట్రమంతా వాడుకుంటుంది. బూడిద, దుమ్ము, మడ్డినీళ్లు మాత్రం లెక్కపెట్టగలిగినన్ని ఊళ్లకే చేరుతున్నాయి. పర్యావరణ అన్యాయం అని పెద్దమాటలో చెప్పేది దీన్నే. ఆ ఊళ్లు ఏవి అని ఒకే కాగితం మీద చూపిన పటం మాత్రం ఈ రోజుకీ మన చేతిలో లేదు.

వేముల మండలం తుమ్మలపల్లె సంగతి తీసుకుందాం. యురేనియం ప్రాజెక్టుకు 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2007 నవంబరులో శంకుస్థాపన, 2012లో శుద్ధి కర్మాగారం మొదలు. ఇక్కడి ఖనిజం చాలా పలుచన. టన్ను రాయిలో యురేనియం 400 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. రోజుకు 3,000 టన్నుల రాయిని పొడిచేసే సామర్థ్యంతో కట్టిన మిల్లు ఇది. అంటే అందులో 1.2 టన్నుల యురేనియం పోగా మిగిలిందంతా మడ్డిగా టెయిలింగ్ పాండ్‌కు చేరాల్సిందే. యురేనియం తీసేసినా రేడియం లాంటివి ఆ మడ్డిలోనే ఉండిపోతాయి. పాండ్ చుట్టుపక్కల కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు మారాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, మడిలో తెల్లటి పొర కడుతోందని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని చెప్తూ వచ్చారు. పాండ్ అడుగున వేయాల్సిన బంకమన్ను, ప్లాస్టిక్ పొరల గురించి విశ్రాంత శాస్త్రవేత్త ఒకరు కాలుష్య నియంత్రణ మండలికి రాశారు. 2019లో మండలి నిపుణులను పంపి పరిశీలన చేయించింది. సంస్థ వాదన మాత్రం మొదటి నుంచీ ఒక్కటే. నిబంధనల ప్రకారమే కట్టాం, ఈ ప్రాంతపు రాతిలోనే యురేనియం ఉంది కాబట్టి నీళ్లలోనూ సహజంగానే ఉంటుంది అని.

ఈ వాదనను మనం కొట్టిపారేయకూడదు. రాతిలో ఉన్న మాట నిజమే. లేకపోతే గని ఎందుకు పెడతారు? అయితే సహజంగా ఉన్నదా, పాండ్ నుంచి దిగిందా అనేది పటం మీద పెడితే తేలే సంగతి. ఖనిజమున్న రాతి పొర తుమ్మలపల్లె ఒక్క చోటే లేదు, పదుల కిలోమీటర్ల పొడవునా సాగుతుంది. కారణం రాయే అయితే ఆ పొర మీద ఎక్కడ బోరు వేసినా, పాండ్‌కు ఎగువన ఉన్నా, దూరంగా ఉన్నా, ఇంచుమించు అదే స్థాయి కనపడాలి. కారణం ఊట అయితే పాండ్‌కు దిగువన, నీళ్లు వాలే దిక్కున, దగ్గరి బోర్లలో ఎక్కువగా, దూరపు బోర్లలో తక్కువగా, ఏడాదికేడాదీ ముందుకు జరుగుతూ కనపడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. ఈ మిల్లులో ఖనిజాన్ని కరిగించేది ఆమ్లంతో కాదు, సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో. కాబట్టి ఊట వస్తే యురేనియం ఒక్కటే రాదు, సోడియం, సల్ఫేటు లాంటి లవణాలూ తోడు వస్తాయి. సోడియం ఎక్కువైన నీళ్లు పారితే నేల ఏమవుతుందో మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. చౌడు అనే మాట పుట్టిందే దాని కోసం. ఒక్కో బోరుకు యురేనియం, సోడియం, సల్ఫేటు మూడూ కొలిచి, బోరు లోతుతో, తేదీతో పటం మీద గుర్తిస్తే, 2012కు ముందు కొలతలు పక్కన పెడితే, ఇన్నేళ్ల వాదులాటకు ఏదో ఒక పక్క జవాబు వస్తుంది. మన అనుమానం తప్పని తేలినా మంచిదే. ఆ నీళ్లు సహజంగా చెడ్డవైతే మాత్రం తాగే మనిషికి తేడా ఏముంది? ట్యాంకరు రావాల్సిందే కదా.

మరి కొలతలు లేవా అంటే ఉన్నాయి. భూగర్భ జలశాఖకు పీజోమీటర్లున్నాయి, కాలుష్య నియంత్రణ మండలి నమూనాలు తీస్తుంది, సంస్థలు ఆరు నెలలకొకసారి పర్యావరణ అనుమతుల అమలు నివేదికలు ఇవ్వాలి. గ్రామాల వారీ జనాభా, ఎస్సీ ఎస్టీ కుటుంబాల లెక్క 2011 జనగణనలో ఉంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ నడిపే భువన్‌లో వంకలు, చెరువులు, పంట భూములు ఎవరైనా చూడవచ్చు. కానీ ఏ లెక్క ఆ గూట్లోనే ఉంది. నీళ్లు ఒక శాఖలో, గాలి ఇంకో శాఖలో, రోగాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో, భూమి తహసీల్దారు కచేరీలో.

బయటకు వచ్చే లెక్క కూడా సగటుగానే వస్తుంది. మండలం మొత్తానికి పీజోమీటర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటి సగటు తీసి 'మండలంలో భూగర్భ జలం నాణ్యత ఫర్వాలేదు' అంటే, అందులో ఒక కొట్టాలలోని ఇరవై బోర్ల గోడు మాయమైపోతుంది. సగటున మోకాటి లోతు ఉన్న ఏట్లో మునిగిపోయే మడుగు కూడా ఉంటుంది.

సగటు తరువాత మనల్ని ముంచేది వలయం. పరిశ్రమకు పర్యావరణ ప్రభావ నివేదిక రాసేటప్పుడు సాధారణంగా పది కిలోమీటర్ల వలయం గీస్తారు. జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులకు 2024 మార్గదర్శకాల ప్రకారం గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం, 25 కిలోమీటర్ల లోపు పరోక్ష ప్రభావిత ప్రాంతం. వృత్తలేఖినితో గీసిన గీత లోపల ఉంటే బాధితులు, బయట ఉంటే కారు. నీళ్లు వలయాల్లో పారవు, పల్లానికి పారుతాయి. దుమ్ము గాలి ఎటు వీస్తే అటు పోతుంది. ఎర్రగుంట్ల మండలంలోని రాయలసీమ థర్మల్ కేంద్రాన్నే చూడండి. 1994లో మొదటి యూనిట్‌తో మొదలై ఇప్పుడు 1,650 మెగావాట్లకు చేరింది. మన దేశపు బొగ్గులో మూడో వంతు, అంతకన్నా ఎక్కువ కూడా బూడిదే. నైరుతి గాలులు వీచే జూన్ నుంచి సెప్టెంబరు దాకా బూడిద చెరువుకు గాలివాలున ఉన్న ఊరి కష్టమూ, గాలికి ఎదురుగా అంతే దూరంలో ఉన్న ఊరి కష్టమూ ఒకటి కావు. వలయం లోపల రెండూ ఒకటే. ఇంకోటి, వలయం మరీ పెద్దదైతే నిధులు అసలు బాధిత ఊళ్లకు చేరకుండా పాతిక కిలోమీటర్ల అవతలి సీసీ రోడ్డుకు పోతాయి. పటం సరిగా లేనందుకు నష్టపోయేది మరీ దగ్గరి ఊరే.

పటం ఎప్పుడూ మనకు మిత్రుడే అనే భ్రమ కూడా వద్దు. గండికోట నిర్వాసితులను అడిగితే చెప్తారు. ఆ రిజర్వాయరు కింద ఎవరిది మునక, ఎవరిది కాదు అని తేల్చింది ఒక గీతే, నీటిమట్టం గీత. 2020లో 26.85 టీఎంసీలు నింపాలని నిర్ణయించాక నీళ్లు ఇళ్లలోకి వస్తుంటే కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. గీత గీసింది ఇంజనీర్లు, గీతకు అటూ ఇటూ పడింది కుటుంబాలు. ఇల్లు గీత పైన ఉండి చేను గీత కింద ఉన్నవాళ్ల గోడు, ఊరంతా పోయాక మిగిలిపోయిన నాలుగిళ్ల గోడు ఏ పటంలోనూ పడలేదు. అప్పుడు మన చేతిలో మన పటం ఉండి ఉంటే మాట్లాడే తీరు వేరేగా ఉండేది.

ఈ పని ఇతర దేశాల్లో మొదలైంది కూడా ఉద్యమం నుంచే. అమెరికాలో 1982లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని వారెన్ కౌంటీలో, నల్లజాతి రైతు కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోట విషపు మట్టిని తెచ్చి పూడ్చబోతే జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. ఐదువందల మందికి పైగా అరెస్టయ్యారు. ఆ పోరాటంలో ఓడిపోయారు గానీ అది ఒక ప్రశ్నను మిగిల్చింది. ఈ చెత్తంతా ఎవరి ఊళ్ల పక్కన పడుతోంది? 1987లో ఒక చర్చి సంస్థ దేశమంతా లెక్క తీసి, చెత్త ఎక్కడ పడాలో తేల్చడంలో అన్నిటికన్నా పెద్ద కారణం జాతి అని చూపింది. తరువాత కాలిఫోర్నియా ప్రభుత్వమే 2013లో ఒక పటం తెచ్చింది. అందులో కాలుష్యం ఒక్కటే కొలవరు. అక్కడి మనుషులు దాన్ని తట్టుకునే స్థితిలో ఉన్నారా అని పేదరికం, ఉబ్బసం, నిరుద్యోగం కూడా కొలిచి రెంటినీ గుణిస్తారు. ఆ లెక్కలో పైన ఉన్న ప్రాంతాలకు వాతావరణ నిధుల్లో వాటా చట్టం ప్రకారం దక్కుతుంది. కేంద్ర స్థాయిలోనూ ఇలాంటి పటాన్ని 2015లో జనానికి అందుబాటులోకి తెచ్చి, ప్రభుత్వం మారాక 2025 ఫిబ్రవరిలో తీసేశారు. ముందే నకళ్లు దాచుకున్న స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని మళ్లీ నిలబెట్టారు. కాబట్టి మన పటం నకలు మన దగ్గర ఉండాలి. సర్కారు కంప్యూటరులో ఉంటే చాలదు.

మన దగ్గరికే వస్తే, పటాన్‌చెరు నక్కవాగు రైతుల కేసు 1990లో సుప్రీంకోర్టుకెళ్లింది. పరిహారం మాట వచ్చేసరికి ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల తరి, ఎన్ని ఎకరాల ఖుష్కి చెడింది అనే లెక్కే ఆధారమైంది. లెక్కలో పడిన ఎకరాకు ఎంతో కొంత వచ్చింది.

ఇక మనం చేయగలిగింది. చేతిలో ఫోను ఉంటే చాలు, బోరు దగ్గర నిలబడితే అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. అటూ ఇటూ ఐదు, పది మీటర్ల తేడా ఉంటుంది, బోరు గుర్తించడానికి అది అడ్డం కాదు. రెవెన్యూ గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. తీసుకుని సర్వే నంబరు పక్కన రాసుకోవాలి. బోరు వేసిన ఏడాది, లోతు, మోటరు దించిన లోతు, ఏ పంట, నీళ్లు ఎప్పుడు మారాయి, పశువులు తాగుతున్నాయా అని ఒక పేజీ. టీడీఎస్ మీటరు చవకదే, శాఖకు ఒకటి కొనవచ్చు. అది యురేనియం చూపదు, లవణాలు పెరిగాయా లేదా అనేంత వరకే చెప్తుంది. ఏ బోరు నీళ్లు ప్రయోగశాలకు పంపాలో ఎంచుకోవడానికి పనికొస్తుంది. పంపేటప్పుడు మోటరు కాసేపు ఆడించి, కొత్త సీసాను అదే నీళ్లతో కడిగి, నిండా పట్టి, తేదీ, గంట, సర్వే నంబరు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో గుర్తింపు పొందిన ప్రయోగశాలకే పంపాలి. ఇంట్లో కూల్‌డ్రింకు సీసాలో పట్టి పంపితే అవతలి వకీలు ఒక్క మాటతో తీసేస్తాడు. ఆ తరువాత ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేరులో వీటిని ఎక్కించడం మన ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలకు రెండు రోజుల పని.

ఉపగ్రహ చిత్రాలు కూడా ఉన్నాయి. ఐరోపావాళ్ల సెంటినెల్ ఉపగ్రహం ఐదు రోజులకొకసారి, పది మీటర్ల స్పష్టతతో, ఉచితంగా చిత్రాలిస్తుంది. ఏ ఏడాది పాండ్ ఎంత పెరిగింది, క్వారీ ఎంత దూరం జరిగింది, పెన్నలో గుంతలు ఎక్కడెక్కడ పడ్డాయి అన్నది తేదీతో సహా దొరుకుతుంది. తోట పచ్చదనం తగ్గిందనీ చూపుతుంది. ఎందుకు తగ్గిందో చూపదు. నీళ్లు లేక ఎండిన చీనీ చెట్టూ, నీళ్లు చెడి ఎండిన చీనీ చెట్టూ ఆకాశం నుంచి ఒకే రంగు. కింద నిలబడి చెప్పాల్సింది రైతే.

రంగులెక్కడ మార్చాలన్నది కూడా చిన్న విషయం కాదు. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. 45 ఉన్న బోరు ఒక లెక్కన ఎర్రచుక్క, ఇంకో లెక్కన పచ్చచుక్క. మన పటంలో చుక్కతో పాటు అంకె కూడా వేద్దాం. ఏ కొలబద్ద న్యాయమో చూసేవాళ్లే అడుగుతారు.

ఇంతవరకూ రాసింది సభ్యులతో మాట్లాడినప్పుడు చాలామంది ఒప్పుకున్నదే. ఒప్పుకోనిది ఒకటుంది, దాన్ని దాచడం మాకిష్టం లేదు. 'నా బోరు ఎర్రచుక్క పడితే నా అరటిగెల ఎవరు కొంటారు? రేపు పొలం అమ్ముకోవాలంటే? ఆ ఊరికి పిల్లనిస్తారా?' అని అడుగుతున్నారు. ఇది పిరికితనం కాదు. నష్టం ఇప్పటికే మోస్తున్నవాడి మీద పటం ఇంకో నష్టం పెట్టవచ్చు. తోటలోకొచ్చిన వ్యాపారి గెలకు వంద తగ్గించడానికి సాకు వెతుకుతూనే ఉంటాడు. అందుకే మా అభిప్రాయం ఇది. పేరు, సర్వే నంబరు ఉన్న పూర్తి పటం గ్రామ కమిటీ దగ్గరే ఉండాలి. బయటకు పోయే పటంలో వంక పరీవాహకం వారీగా, పేర్లు లేకుండా చూపాలి. కోర్టుకో మండలికో పూర్తి వివరం ఇవ్వాల్సి వస్తే ఆ రైతు సంతకంతోనే ఇవ్వాలి. ఒప్పుకోని రైతు బోరును గుర్తించవద్దు. పటంలో ఖాళీ మిగిలితే మిగలనీ.

ఖాళీల మాట వచ్చింది కాబట్టి మన తప్పు కూడా చెప్పుకోవాలి. సర్వే నంబర్లతో గీసిన పటంలో భూమి ఉన్నవాళ్లే కనపడతారు. ఆ అరటి తోటలో గెలలు మోసే కూలీ, అడంగల్‌లో పేరెక్కని కౌలు రైతు, చేతిపంపు నీళ్లే తాగే ఎస్సీ కాలనీ, గొర్రెలు తోలుకుని నాలుగూళ్ల కుంటల్లో నీళ్లు తాపే కాపరి అందులో ఉండరు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల పాలిష్ యూనిట్లలో రోజంతా రాతిపొడి పీల్చే మనిషికి సర్వే నంబరెక్కడిది? పులివెందుల చుట్టూ బ్రాహ్మణపల్లె లాంటి చోట్ల ఒకప్పుడు రాతినార గనులు నడిచాయి. రాతినార తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లకు గానీ బయటపడదు. గనులు మూతపడ్డాయి, అందులో పనిచేసినవాళ్లు ముసలివాళ్లయ్యారు, వాళ్లు దగ్గితే వయసు మీద పడిందంటున్నారు. ఏ రైతు సంఘమూ వాళ్ల ఇంటి ముందు చుక్క పెట్టలేదు, మనమూ పెట్టలేదు. కాబట్టి బోర్ల పటంతో పాటు తాగునీటి పటం, పని స్థలాల పటం కూడా గీయాలి. తాగునీటి పటం ఆడవాళ్లతో కూర్చుని గీయాలి. బిందె ఎక్కడి నుంచి వస్తోందో, ఏ పంపు నీళ్లకు పప్పు ఉడకదో, ఏ నెల నుంచి క్యాన్ నీళ్లు కొంటున్నారో వాళ్లకే తెలుసు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు పక్షాలకూ అడుగుదాం, ఎవరు గద్దె మీద ఉన్నా సరే. కాలుష్య నియంత్రణ మండలి, భూగర్భ జలశాఖ, పరిశ్రమలు తీసే ప్రతి నమూనా ఫలితం బోరు వారీగా, తేదీ వారీగా, తెలుగులో, ఒకే పటం మీద పెట్టాలి. సగటు వద్దు. 2012కు ముందు తుమ్మలపల్లె ప్రాంతంలో తీసిన నీటి కొలతలన్నీ బయటపెట్టాలి. ఖనిజ ఫౌండేషన్ నిధులు వలయాన్ని బట్టి కాకుండా నీటివాలు, గాలివాలు, కొలిచిన నష్టాన్ని బట్టి పంచాలి. ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఆ ఊరి పటం అంటించాలి. ఇందులో కొత్త చట్టం అవసరమైనది ఏదీ లేదు. సమాచార హక్కు కింద అడగదగిన వాటికి నమూనా దరఖాస్తు వచ్చే సంచికలో వేస్తాం.

ఈలోగా వేముల, ఎర్రగుంట్ల, మైలవరం, కొండాపురం మండలాల శాఖలు ఒక్కో ఊరిని ఎంచుకుని పని మొదలుపెట్టాలని కోరుతున్నాం. ఎండాకాలం రాకముందు ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, అవే బోర్లు, అదే వరసలో కొలవాలి. నోటుబుక్కులో పెన్సిలుతో కాదు, పెన్నుతో రాయండి. తప్పు పడితే చెరపకుండా కొట్టేసి పక్కన రాయండి. మొదటి పేజీలో పటం గీసిన తేదీ, వెంట ఉన్నవాళ్ల పేర్లు వేసి, ఒక నకలు తాలూకా ఆఫీసుకు పంపండి.